నాలుగు చెంచాల భోజనం

ఆ మగగొంతు ఎవరిదో బస్టాండులో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నపు ఎండలో జనం బస్సు కోసం విసుగ్గా నిలబడి ఉండగా, స్తంభాలకు కట్టిన స్పీకర్లన్నీ ఒక్కసారిగా పలికాయి.

"ఇంకో చెంచా తీసుకోండి. నెమ్మదిగా. ఆఁ, చాలు, ఇక ఆపేయండి. నీళ్ళు ఇప్పుడొద్దు, అరగంట ఆగాలి. వెరీ గుడ్."

జనం తలలెత్తి స్పీకర్ల వంక చూశారు. నీళ్ళ సీసా మూత తీయబోతున్న ఓ పెద్దాయన ఎందుకైనా మంచిదని మళ్ళీ బిగించేశాడు. డ్రైవర్లు పగలబడి నవ్వారు. క్యాంటీన్ కిటికీ వెనక ఆమ్లెట్ వేస్తున్న వంటాయన మాత్రం నవ్వలేదు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది, పెనం మీద ఆమ్లెట్ మాడింది.

ఎందుకంటే ఆ మైకు ఒక్కరిదే. మేడమీద అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో చెప్పే అమ్మాయిది. డ్రైవర్లు ఆమెకు మైకమ్మ అని పేరు పెట్టారు. ఆమె చెబితే ఆలస్యమైన బస్సు మీద కూడా కోపం రాదు. ఆ గొంతు సరిగ్గా వినబడాలని తమ్ముడు వంటింట్లో ఫ్యాను ఆపేసి పొగలో ఉక్కిరిబిక్కిరవుతాడని వంటాయన అక్క అందరికీ చెబుతుంది. అక్కది క్యాంటీన్‌లో గల్లాపెట్టె దగ్గర కుర్చీ. తమ్ముడి గురించి ఆవిడకు తెలియనిది లేదు, తెలిసింది దాచుకునే అలవాటూ లేదు. తమ్ముడికి ముప్ఫై కూడా దాటలేదు, కానీ గరిటె పట్టిన రోజు నుంచీ అందరికీ వంటాయనే.

"మగగొంతురా," అంది అక్క తీరిగ్గా. "బాగుంది కూడా. రేడియోలో వార్తలు చదివేవాడిలా."

"నాకేం వినబడలేదు."

"మరి ఆమ్లెట్ ఎందుకు మాడినట్టు?"

వంటాయన మాడిన ఆమ్లెట్ పక్కన పడేసి ఇంకో గుడ్డు కొట్టాడు.

మూడేళ్ళ కిందట మైకమ్మతో అతని పరిచయం గొడవతోనే మొదలైంది. సూపులో మిరియాలు ఎక్కువయ్యాయని ఆమె గిన్నె వెనక్కి పంపింది. ఈయనకు ఒళ్ళు మండి, అదే గిన్నె పట్టుకుని మెట్లెక్కి వెళ్ళాడు. నా చేతి వంటకు వంకా అని అడిగి, ఆమె ఎదుటే ఓ చెంచా నోట్లో పెట్టుకుని, దగ్గుతూ దిగొచ్చాడు. ఆ మర్నాటి నుంచి ఏది వండినా మొదటి గిన్నె మేడమీదికే వెళ్ళేది. ఆమె కళ్ళు మూసుకుని తినేది. బాగుంటే తల ఊపేది, ఇంకా బాగుంటే గిన్నె ముందుకు జరిపేది. ఆ జరిపిన గిన్నెలో మళ్ళీ వడ్డించడమే వంటాయనకు చేతనైన ప్రేమ. నోటితో చెప్పడం అతని వల్ల కాలేదు.

అయితే ఆమెది భారీ ఒళ్ళు, అది ఆమెను బాగా ఇబ్బంది పెట్టేది. మేడమెట్లు ఆగి ఆగి ఎక్కేది. మోకాళ్ళ నొప్పులు, చక్కెర జబ్బు, పడుకుంటే ఊపిరాడకపోవడం. డాక్టర్లు చెప్పగా చెప్పగా చివరికి బరువు తగ్గే ఆపరేషన్‌కు ఒప్పుకుంది. పొట్టను కోసి చిన్న సంచిలా చేసి, పేగును తెచ్చి దానికి కలిపారు. ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. సెలవు మీద వెళ్ళేరోజు క్యాంటీన్ దగ్గరికొచ్చి, ఇక మీ వ్యాపారానికి నష్టమేనండీ అని నవ్వుతూ చెప్పి వెళ్ళింది. ఆ నవ్వు తలుచుకుంటూ వంటాయన ఆమె సెలవంతా గడిపాడు.

తిరిగి వచ్చింది. కానీ ఒంటరిగా రాలేదు, డైటీషియన్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. మనిషిని కాదు, ఫోన్లో గొంతుని. భోజనం వేళకు ఆయన ఫోన్ చేస్తాడు, ఆమె స్పీకర్ ఆన్ చేసి ఆయన చెప్పినట్టు తింటుంది. ఆ రోజు మైకు స్విచ్చి ఆపడం మర్చిపోవడంతో బస్టాండంతా ఆ భోజనం చేసింది.

ఇక అక్కణ్ణించి వంటాయనకు మనశ్శాంతి లేదు. ఏం తింటున్నారని అడిగితే చాలు, మా డైటీషియన్ గారు చెప్పారు అని మొదలుపెడుతుంది. మొదట్లో వడకట్టిన సూపే తాగాలట, తర్వాత పాలు, ఇప్పుడు మెదిపిన గుడ్డు, పెరుగు, మెత్తగా చేసిన చికెన్. ప్రోటీన్ ముందు, బ్రెడ్డు ఆఖరున, అదీ చోటు మిగిలితే. తింటూ నీళ్ళు తాగితే ఆ చిన్న పొట్ట నీళ్ళతోనే నిండిపోతుందట. కడుపు నిండినట్టు అనిపించగానే చెంచా కింద పెట్టేయాలి, గిన్నెలో ఎంత మిగిలినా సరే. ఇవన్నీ చెబుతున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోతూంటే వంటాయన కడుపు మండిపోయేది. తినే ప్రతి గిన్నెకూ ఫొటో తీసి ఆయనకు పంపుతుందట. మూడేళ్ళలో తన గిన్నెకు ఒక్క ఫొటో తీసిన పాపాన పోలేదు.

"మీకు ఓ సూపు చేసి పంపనా?" అని అడిగాడొక రోజు, తెగించి.

"అయ్యో, ఆయన్ని అడిగి చెప్తానండీ," అంది.

ఆ జవాబు అతనికి రెండు రోజులు మింగుడు పడలేదు. అక్క ఆ డైటీషియన్‌కి గ్రాముల వీరుడని పేరు పెట్టింది. పేరు పెట్టాక వాడు మరీ ఇంట్లో మనిషి అయిపోయాడు.

ఓ సాయంత్రం ఆ వీరుడు స్వయంగా దిగాడు. పొడుగ్గా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, లోపలికి అతుక్కుపోయిన పొట్ట. క్యాంటీన్‌లో ఉడికించిన గుడ్డు అడిగి, ఉప్పు వద్దన్నాడు. ఉప్పు వద్దన్నవాణ్ణి వంటాయన జన్మలో నమ్మలేదు. గుడ్డు తిని ఆయన మేడమెట్లు గబగబా ఎక్కేశాడు. కింది నుంచి చూస్తే అద్దాల్లో ఇద్దరూ కనబడుతున్నారు. ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, ఆమె నవ్వుతోంది. టికెట్ల కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి గిన్నె ముందు పెడితే, వంటాయన చూపు మేడమీదే ఉంచి రెండుసార్లు వడ్డించేశాడు. ఆ పిల్ల వద్దనకుండా తినేసింది.

"వాడు గ్రాములు కొలుస్తాడు," అంది అక్క. "నువ్వేం చేస్తావు?"

"నేను వండుతాను."

ఆ రాత్రే నిర్ణయించుకున్నాడు. ఆమె నోట్లో పడే మంచి ముద్ద తన చేతిదే కావాలి. అదీ ఆ వీరుణ్ణి అడగకుండా. మెత్తగా ఉండాలన్నారు, ఉండలు కట్టకూడదన్నారు. అంతకంటే మెత్తనిది ఏముంది, కస్టర్డ్ కాకపోతే? ఆమెకు మొదటి నుంచీ ఇష్టమైనదే. వంటవాడు కాబట్టి మెత్తదనం గురించే ఆలోచించాడు, లోపల ఏం వేస్తున్నాడో ఆలోచించలేదు. పాలు చిక్కగా మరిగించి, గుడ్డుసొన, మీగడ వేసి, ఎప్పటిలాగే చక్కెర పోసి, రెండుసార్లు వడకట్టాడు.

మర్నాడు వాన దంచికొట్టింది. గొడుగు గిన్నెకు పట్టి తాను తడుస్తూ మెట్లెక్కాడు. మైకమ్మ గిన్నె వంక చూసింది, అతని వంక చూసింది, ఫోను తీసి బోర్లా పెట్టేసింది. ఫొటో లేదు, అనుమతి లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చెంచాలు తిని కళ్ళు మూసుకుని తల ఊపింది. వంటాయన ఆ మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు.

కాసేపటికి స్పీకర్లు పలికాయి.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో ప్లాట్‌ఫాం నుంచి బయలుదేరవలసిన..."

అక్కడితో ఆగిపోయింది. తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వంటాయన పొయ్యి కూడా ఆపకుండా పరుగెత్తాడు.

ఆమె బల్ల మీద తల వాల్చి ఉంది. ముఖం పాలిపోయింది, నుదుటి నిండా చెమట. గుండె దడగా ఉందనీ, కళ్ళు తిరుగుతున్నాయనీ మెల్లగా చెప్పింది. వంటాయన ముందుగా మైకు స్విచ్చి ఆపాడు. తర్వాత, ఏ మనిషి పేరు వింటే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు ఉంటుందో ఆ మనిషికే ఆమె ఫోన్లోంచి ఫోన్ చేశాడు.

"ఏం తిన్నారు?" అడిగాడు డైటీషియన్.

"కస్టర్డ్. నేనే చేశాను."

"చక్కెర వేశారా?"

"వేశాను. మామూలుగా వేసేంత."

"కంగారు పడకండి, పడుకోబెట్టండి. ఈ ఆపరేషన్ అయినవాళ్ళకి చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగితే ఇలాగే అవుతుంది, మెల్లగా తగ్గుతుంది. తగ్గకపోయినా, స్పృహ తప్పేలా ఉన్నా వెంటనే హాస్పిటల్‌కి తెచ్చేయండి. నేను లైన్లోనే ఉంటాను."

ఉన్నాడు. ఒక్క మాట తిట్టకుండా, అడుగడుగునా ఎలా ఉందో అడుగుతూ ఉన్నాడు. తిట్టి ఉంటే వంటాయనకు కొంచెం హాయిగా ఉండేది. మంచివాడి మీద కుళ్ళుకోవడం చాలా కష్టమైన పని. ఆమె తేరుకున్నాక వంటాయన ఆయనకు థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

"మెత్తగా ఉంటే చాలనుకున్నాను," అన్నాడు తల దించుకుని. "ఇక మీకేమీ పంపను."

"చక్కెర ఉందని చూడగానే తెలిసింది నాకు. మూడేళ్ళు తిన్నాను, ఆమాత్రం తెలియదా?"

"మరెందుకు తిన్నారు?"

ఆమె అద్దంలోంచి కిందికి చూసింది. అక్కణ్ణించి క్యాంటీన్ కిటికీ స్పష్టంగా కనబడుతుంది. ఆ సంగతి ఇన్నేళ్ళలో వంటాయనకు తట్టనే లేదు.

"ఆ టికెట్ల అమ్మాయికి అడక్కుండానే రెండోసారి పెడతారు. రోజూ చూస్తున్నాను. ఒకప్పుడు నాకు అలా పెట్టేవారు," అంది. "బాగా తినేవాళ్ళంటేనే మీకిష్టం. నాకిప్పుడు నాలుగు చెంచాలకే కడుపు నిండిపోతుంది. ముందు ముందు ఇంకాస్త పెరిగినా, మునుపటిలా ఎప్పటికీ తినలేను. ఇలాంటి మనిషితో మీకింకేం పని అనిపించింది. అందుకని తిన్నాను."

తినని మనిషికి వంటవాడితో ఏం పని అని వంటాయన ఇన్నాళ్ళూ కుమిలిపోతుంటే, ఆమె మేడమీద కూర్చుని అదే బాధ పడుతోందన్నమాట. ఏదో చెప్పాలనుకున్నాడు. కింద మూడో ప్లాట్‌ఫాం డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆమె ముఖం తుడుచుకుని మైకు ముందు కూర్చుంది.

"ఈసారి హాస్పిటల్‌కి వెళ్ళేటప్పుడు," అన్నాడు గుమ్మంలోంచి, "నన్ను కూడా ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళింది. వంటాయన ఆ గదిలో పరీక్ష రాసేవాడిలా కూర్చున్నాడు. చేప ఆవిరి మీద ఉడికిస్తే సరా, నూనె ఎంతవరకు వాడొచ్చు, మాంసం గట్టిపడకుండా ఉండాలంటే ఏం చేయాలి, చక్కెర బదులు ఏం వేస్తే రుచి వస్తుంది అని ఆపకుండా అడిగాడు. వేపుళ్ళు, స్వీట్లు, గ్యాస్ కూల్‌డ్రింకుల జోలికి పోవద్దనీ, విటమిన్ మాత్రలు జీవితాంతం మానకూడదనీ ఆయన చెప్పాడు. గట్టి ఆహారం మొదలుపెట్టాక ప్రతి ముక్కా పేస్టులా అయ్యేదాకా నమలాలి, నములుతూ మాట్లాడకూడదు. మాటల్లో పడి ముక్క సరిగ్గా నమలకుండా మింగితే అక్కడే ఇరుక్కుంటుంది. పేషెంట్లు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరని నవ్వాడు. నవ్వు కూడా బాగుంది వెధవది, అనుకున్నాడు వంటాయన. చొక్కాకి ఒక్క ముడతైనా లేదు.

గట్టి ఆహారం తినడానికి అనుమతి వచ్చిన రోజున వంటాయన చేపముక్క ఆవిరి మీద ఉడికించాడు. కాస్త నిమ్మరసం, లెక్కపెట్టినన్ని మిరియాలు. సాసర్లో పెడితే మొత్తం భోజనం అరచేతిలో సగం కూడా లేదు. జన్మలో ఇంత తక్కువ వండలేదు, ఇంత భయపడుతూ వండలేదు. పైకి తీసుకెళ్ళి, ఎప్పుడూ నిలబడి వడ్డించేవాడు ఆ రోజు ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె గోరంత ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుంది. ఆ మూసుకున్న కళ్ళు చూసి వంటాయనకు ధైర్యం వచ్చింది.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు.

ఆమె కళ్ళు తెరిచింది. నోరు తెరవలేదు. తెరవకూడదు. ఆగమన్నట్టు వేలు చూపించి నములుతూనే ఉంది. ఆ చేపముక్క మీద అతనికి పుట్టినంత అసూయ ఆ డైటీషియన్ మీద కూడా పుట్టలేదు. ఊరికే కూర్చోలేక మూడేళ్ళ మాటలూ చెప్పేశాడు.

"బాగా తినేవాళ్ళంటే ఇష్టమని ఎవరన్నారు మీకు? ఆ అమ్మాయికి రెండోసారి పెట్టింది మీ వాటా. మీ కోసం వండటం మానుకోలేకపోయాను, పారేయడానికి చెయ్యి రాలేదు. మీరు నాలుగు చెంచాలు తినండి, రెండు తినండి, ఉత్త మంచినీళ్ళే తాగండి. నా ఎదురుగా కూర్చోండి చాలు. ఆ మనిషి ఫోన్లో వెరీ గుడ్ అన్నప్పుడల్లా నేనిక్కడ చచ్చిపోతున్నాను."

కింద రెండో ప్లాట్‌ఫాం బస్సు బయలుదేరే టైమైంది. డ్రైవరు హారన్ కొట్టాడు. క్యాంటీన్‌లోంచి అక్క బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని మేడ వంక చూసి, డ్రైవర్ని కాసేపు ఆగమని సైగ చేసింది. మైకమ్మ నములుతూనే ఉంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి. అవి మిరియాలకు వచ్చినవి కావని వంటాయనకు నమ్మకమే.

ఎట్టకేలకు మింగింది.

"ఇంత ముక్కకే ఇంతసేపు పట్టింది," అంది. "పెళ్ళి భోజనం నేను ముగించేసరికి వచ్చినవాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోతారు. అప్పటిదాకా నా పక్కన కూర్చుంటారా?"

"కూర్చుంటాను."

"డైటీషియన్ గారిని పిలవాలి."

వంటాయన ఆలోచించాడు. పిలవడం న్యాయమే.

"పిలుద్దాం," అన్నాడు. "మీకు కాస్త దూరంగా కూర్చోబెడదాం."