అంచు వైపు మనిషి

గద్వాలలో ఎండ ముదరకముందే మగ్గాలు మొదలవుతాయి. ఆ రోజు తిమ్మప్ప మగ్గం గుంటలో కాళ్లు దింపి కూర్చున్నా నేత సాగలేదు. అంచు వైపు పీట ఖాళీగా ఉంది. కూతురు శ్రుతి గడప దగ్గర కూర్చుని తెల్లకాగితం మీద బయోడేటా రాసుకుంటోంది.

ఆమె ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. బజారులో కొత్తగా తెరిచిన చీరల దుకాణానికి పెళ్లిళ్ల సీజను రెండు నెలలూ అమ్మాయిలు కావాలట. బయోడేటా రాసి, పనితనం తెలిసిన పెద్దలెవరితోనైనా సంతకం పెట్టించి తెమ్మన్నాడు మేనేజరు. రెండో సంవత్సరం చదివించడం తన వల్ల కాదని తిమ్మప్ప ముందే చెప్పేశాడు. ఆ జీతంతో ఫీజు తానే కట్టుకుంటానని శ్రుతి పట్టుబట్టింది.

స్నేహితురాలు సమీనా, వాళ్లన్న ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఎవరో ఇంజనీరింగ్ అబ్బాయి బయోడేటా నమూనాగా తెచ్చిచ్చింది. అభిరుచులు అన్నచోట క్రికెట్, ఈత అని ఉంది. "నీకు రెండూ రావు. పొద్దుగాల లేచుడని రాయి," అని నవ్వి వెళ్లిపోయింది.

అనుభవం అన్నచోట మాత్రం శ్రుతి ఆలోచించలేదు. 'ఏడేళ్లుగా గద్వాల చీరల నేత' అని రాసి, సంతకానికి తండ్రి చేతికిచ్చింది.

తిమ్మప్ప ఆ పంక్తి దగ్గర ఆగాడు.

"ఇదేంది బిడ్డా? నేసేటోన్ని నేను. నువ్వు పక్కకు కూసోని నాడె అందిస్తవు, గంతే గద. అబద్ధం రాస్తే రేపు నా మొఖం ఏడ పెట్టుకోవాలె? కొట్టెయ్."

అతను నిజమే చెబుతున్నాననుకున్నాడు. ఆ వాడలో అందరి మాటా అదే. గద్వాల చీరకు ఒళ్లు నూలుది, అంచు పట్టుది. రెండింటినీ ప్రతి పోగు దగ్గరా కలిపి నేయాలంటే, అడ్డపోగు మోసే నాడెను అటూ ఇటూ అందుకోవడానికి మగ్గం మీద ఇద్దరుండాలి. అయినా గుంటలో కూర్చున్న మగవాణ్నే నేతగాడంటారు. చేనేత సంఘం కార్డు అతనికే ఇస్తారు. అంచు వైపు కూర్చున్న భార్యకో కూతురికో ఆ లెక్కలో పేరే ఉండదు. శ్రుతి పదేళ్లప్పటి నుంచీ, తల్లి ఇంటి పనిలో ఉండే బడికి ముందూ, బడి తర్వాతా ఆ పీట మీదే పెరిగింది. ఆలస్యమై తరగతి బయట నిలబడ్డ రోజులు తక్కువేమీ కావు.

కొట్టేయనంది.

తిమ్మప్పకు కోపం వచ్చింది. దుకాణం పనే వద్దన్నాడు. ఆమె వెళితే ఒప్పుకున్న పెళ్లి చీర సగంలో నిలిచిపోతుందనీ, ఈ సీజనులో ఇంకో మనిషి దొరకదనీ కసురుకున్నాడు.

"నేనేం చేస్తలేనంటివి గద. మరి నేను పోతే మగ్గం ఎందుకు నిలవడ్తది నాయినా?"

తిమ్మప్ప కాగితాన్ని ఆమె చేతికి తిరిగిచ్చేశాడు.

"ఎదురు మాట్లాడుడు మంచిగ నేర్చినవు. మీ అమ్మ గన్నేండ్లు గాడ కూసున్నది. ఒక్కనాడన్న గిట్ల అడిగిందా?"

శ్రుతి గొంతు పెంచలేదు.

"అడగలే. పోయినేడు అమ్మను దవాఖానల ఏసినప్పుడు నేను కాళ్లకాడనే ఉన్న. మీ ఆమె ఏం పని చేస్తదని డాక్టరు అడిగిండు. ఏం చెయ్యదు సారూ, ఇంట్లనే ఉంటది అన్నవు. అమ్మ నిద్ర పోలే నాయినా. ఇన్నది. ఇని గోడ దిక్కు తిరిగింది. మళ్ల నీతోని మాట్లాడిందా?"

అతని భార్య సావిత్రమ్మ ఆ వారంలోనే పోయింది. చివరి రోజుల్లో ఆమె నోరు విప్పకపోవడం నొప్పి వల్లేనని తిమ్మప్ప ఇన్నాళ్లూ నమ్మాడు.

అలవాటు కొద్దీ నాడె విసిరాడు. అది అంచు దాకా వెళ్లి ఆగింది. అవతల అందుకునే చెయ్యి లేదు. తర్వాత గుంటలోంచి పైకి వచ్చి కూతురి పక్కన గడప మీద కూర్చున్నాడు.

"అది కొట్టెయ్యకు," అన్నాడు. "పని ఎవరు నేర్పిండ్రని అడుగుతరు గద. మీ అమ్మ పేరు రాయి."

"ఏమని రాయాలె?"

"సావిత్రమ్మ, నేతగత్తె అని రాయి."

శ్రుతి రాసింది. అక్షరాలు వంకరపోయాయి. కళ్లు తుడుచుకుని ఇంకో కాగితం తీయబోతే తిమ్మప్ప వద్దన్నాడు. అదే కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, భార్య పేరు కింద తన సంతకం చేశాడు.