తెల్లవారకముందే తెరిచిన కొట్టు

సత్యలక్ష్మి పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, వీధివైపు నుంచి గిన్నెల మోత మొదలైంది. కొడుకు అప్పుడే కొట్టు తెరిచేశాడన్నమాట! ఇంకా ఐదైనా కాలేదు. చెయ్యి తుడుచుకుంటూ ముందుగదిలోకి పరుగెత్తింది. ఆ ముందుగదే వాళ్ళ స్టీలు సామాన్ల కొట్టు. ఇరవై ఏళ్ళ గోపి బిందెల మీద బిందెలు కప్పు తాకేలా పేర్చేసి, గరిటెలు తోరణంలా వేలాడదీసి, మెరిసే కళ్ళతో నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మా? రాజమండ్రిలో కూడా ఇలాంటి కొట్టుండదు!"

"నా దిష్టే తగిలేలా ఉందిరా!" అని మురిసిపోయింది.

మురిసిపోదా మరి? మొన్నమొన్నటిదాకా కాలేజీ చదువే తప్ప కొట్టు ముఖం చూడని పిల్లాడు పదకొండు రోజులుగా ఇలా చెలరేగిపోతున్నాడు. ఆవిడ భర్త వెంకటరత్నమైతే నేలమీద నడవడం లేదు. "మావాడు బోణీ కోసం సూర్యుడికన్నా ముందు లేస్తున్నాడండీ" అని మండపేట అంతా చాటేశాడు. మొదటి బేరం కుదిరితేనే రోజు బాగుంటుందని నమ్మే వర్తకుల ఇంట్లో ఇంతకన్నా గొప్ప కబురేముంటుంది? గురువారం అమ్మాయిని చూసుకోవడానికి పెళ్ళివారు కూడా వస్తున్నారు.

కాకినాడలో నర్సింగు చదువుతూ సెలవుకొచ్చిన కూతురు మీనాకుమారి మాత్రం ముఖం ముడుచుకుంది.

"అమ్మా, అన్నయ్య నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

"హుషారులో ఉన్నాడే. నిద్రేం పడుతుంది?"

"అన్నం ముట్టడం లేదు. కిటికీ దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అక్కడెవరూ లేరమ్మా! డాక్టరుకి చూపిద్దాం."

వెంకటరత్నం విననే విన్నాడు. "ఏంటీ? కష్టపడే కొడుకుని పిచ్చివాణ్ణి చేస్తావా? నాలుగు ముక్కలు చదివేసరికి డాక్టరువైపోయావా? పెళ్ళివారి చెవిన పడితే ఏమవుతుందో తెలుసా?"

అంతలో వీధిలో కేకలు. గోపి ఎవరో మిల్లు కూలీ సైకిలు పట్టుకుని వదలడం లేదు.

"ఒక్క గరిటె కొను! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"వదలండి బాబూ, మిల్లుకి టైమైపోతోందండి!" అని అతను విడిపించుకుని వెళ్ళిపోయాడు. గోపి మట్టిలో కూలబడ్డాడు.

సత్యలక్ష్మి పరుగున వెళ్ళి కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. "ఏంటిరా నాన్నా?"

"పొద్దు పొడిచేలోగా బోణీ అవ్వాలమ్మా. లేకపోతే గోదారి గట్టు తెగిపోతుందట. ఊరంతా మునిగిపోతుందట. వాడు చెవిలో చెబుతూనే ఉన్నాడు. పడుకోనివ్వడమ్మా!"

సత్యలక్ష్మికి అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ తను చూసి మురిసిపోయింది హుషారు కాదు, భయం. పిల్లాడు ఒక్కడే ఊరంతటినీ కాపాడుతున్నాడు, తను దిష్టి తీస్తూ కూర్చుంది.

"లోపలికి తీసుకురా, నలుగురూ చూస్తున్నారు," అన్నాడు వెంకటరత్నం కంగారుగా. "తాయెత్తు కట్టిద్దాం. గురువారం గడవనీ."

"చూస్తే చూడనివ్వండి!" పెళ్ళయ్యాక ఆవిడ అంత గొంతెత్తడం అదే మొదటిసారి. "గురువారం దాకా బిడ్డని ఇలా వదిలెయ్యమంటారా? కొట్టు మూసెయ్యండి, కాకినాడ వెళ్దాం."

"బోణీ కాకుండానా?"

నోట్లోంచి వచ్చేసింది. తన మాట తనకే వినబడి వెంకటరత్నం బిగుసుకుపోయాడు. మట్టిలో కూలబడ్డ కొడుకుకేసి చూశాడు. వెళ్ళి షట్టరు లాగి తాళం వేశాడు.

"అన్నయ్యా, పద. నీ పక్కనే కూర్చుంటాను," అంది మీనా. మొదటి బస్సెక్కారు నలుగురూ.

పెద్దాసుపత్రిలో డాక్టరు చంద్రరావుగారు అడిగారు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాడండీ?"

"రెండు రోజులండి," అన్నాడు వెంకటరత్నం. అని తల వంచేశాడు. "కాదండి, పదకొండు రోజులు. నేనే పొంగిపోయానండి. నేనే చెడగొట్టాను." పెద్దమనిషి భోరుమన్నాడు.

"చెడగొట్టలేదండి. చాలామంది నా దగ్గరికొచ్చేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. మీరు తొందరగా వచ్చారు, అదే కొండంత మేలు. మందులు మాన్పించకండి, చదువు మాన్పించకండి, ఒంటరిగా వదలకండి. ఇంతకీ ఎవరు కనిపెట్టారు?"

వెనకాల నిలబడ్డ మీనాని వెంకటరత్నం చెయ్యి పట్టి ముందుకు లాగాడు. "మా అమ్మాయండి! నేను నోరు మూయించినా ఊరుకోలేదండి!"

పెళ్ళివారికి ఆ సాయంత్రమే ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి పోస్టులో పడేశాడు.

మూడో రోజు పొద్దెక్కాక, ఆసుపత్రి మంచం మీద మందుల నిద్రలోంచి గోపి కళ్ళు తెరిచాడు. సత్యలక్ష్మి నుదురు నిమురుతూ అడిగింది.

"వాడింకా మాట్లాడుతున్నాడా నాన్నా?"

"మాట్లాడుతున్నాడమ్మా. దూరం నుంచి." లేచి కూర్చున్నాడు. "ఆకలేస్తోందమ్మా."

ఆ మాట వినగానే వెంకటరత్నం చెప్పులైనా వేసుకోకుండా ఇడ్లీల కోసం పరుగందుకున్నాడు. "ఏవండీ, నెమ్మదండీ!" అని అరుస్తూ సత్యలక్ష్మి ఏడ్చేసింది, నవ్వేసింది.