ట్రైనర్ చేతికి లేని బ్యాండ్

ఉదయం ఎనిమిదింటికి కార్ల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ లిఫ్టులో టెస్ట్ ఇంజనీరు చేతి మీద సూది గాటుతో శవమై దొరికాడు. తొమ్మిదింటికి ఏజెంట్ చీఫ్ ముందు నిలబడ్డాడు.

"పదకొండింటికి అక్కడ కొత్త లైన్ మొదలవుతుంది. ఆరువందల కొత్త ఉద్యోగాలు. బ్రేకు కంట్రోలర్లలోకి దొంగ చిప్పులు ఎక్కించబోతున్నారు. విదేశీ ముఠా. ఎక్కాయంటే కార్లు ఆగవు, ఫ్యాక్టరీ మూతపడుతుంది."

"లోపల మనవాళ్లు?"

"ట్రైనర్. కోడ్‌వర్డ్, వాన వెలిసిందా."

ఆ ఆరువందల మందిలో ఏజెంట్ అక్క కూతురు ఉంది. రెండేళ్లు ఎక్కని గుమ్మం లేకుండా తిరిగి తెచ్చుకున్న ఉద్యోగం. ఆ సంగతి చీఫ్‌కి చెప్పలేదు. చెప్తే ఈ పని ఇంకొకరికి పోతుంది.

పెట్టుడు మీసం, పెట్టుడు పొట్టతో స్టోర్స్ హెల్పర్లా లోపలికి దూరాడు. ట్రైనర్ని చూస్తే మెషీన్లు కూడా తిరగడం మర్చిపోతాయేమో, అంత అందంగా ఉంది.

"వాన వెలిసిందా?"

"గొడుగు మర్చిపోయాను," అని నవ్వింది.

కోడ్ సరిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు, వెర్రివాడు.

ఆ లైన్లో ఒక రూలుంది. ఒంట్లోని స్టాటిక్ కరెంటు చిప్పుల్ని కాల్చకుండా ఆపే గ్రౌండింగ్ బ్యాండ్ మణికట్టుకి తగిలించకుండా ఎవరూ దేన్నీ ముట్టకూడదు. తగిలిస్తే కంప్యూటర్లో పేరు పడుతుంది. మర్చిపోయిన పిల్లల్ని వారం రోజులుగా ట్రైనరే ఏడిపించి మరీ నేర్పింది.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా ఆమె మెషీన్లో చిప్పుల రీలు మార్చింది.

"మేడమ్, మీరు బ్యాండ్ పెట్టుకోలేదు!" అంది మేనకోడలు, పాఠం అప్పజెప్పినట్టు.

ట్రైనర్ నవ్వుతూనే ఆ పిల్ల చేతిలో బ్రోచ్ సూది దింపింది. పిల్ల కుప్పకూలింది. పరుగెత్తుకొచ్చిన హెల్పర్ని చూసి, "మావయ్యా..." అంది. మీసం చాటు మనిషిని మేనకోడలు పొద్దున్నే గుర్తుపట్టేసింది.

ట్రైనర్ కళ్లు మెరిశాయి. పౌడర్ డబ్బాలోంచి చిన్న సీసా తీసి చెప్పు మడమ కింద పెట్టింది.

"విరుగుడు ఇదొక్కటే. మెషీన్ తిరగనివ్వండి, మావయ్యగారూ. ఇచ్చేస్తాను."

ఏజెంట్ ప్రాణమంతా ఆ పిల్ల మీదే ఉంది. చేతులు మాత్రం రీలు మీదికి వెళ్లాయి. ఆఖరి సెకనులో దాన్ని ఊడబెరికాడు. ఆ చేతుల్ని చూస్తే అతనికే అసహ్యం వేసింది.

సీసా పటుక్కుమంది.

గార్డులు ట్రైనర్ని లాక్కెళ్లాక చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్! ఆరువందల ఉద్యోగాలూ నిలబడ్డాయి."

"ఐదువందల తొంభైతొమ్మిది సార్."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అయితే వెయిటింగ్ లిస్టులో మొదటివాళ్లకి కబురు పెట్టమంటాను."

సీటు ఖాళీగా ఉంటే చీఫ్‌కి నచ్చదు.