మొద్దుబారినంత మేర

మధ్యాహ్నం మూడైంది. వార్డంతా ఫినాయిలు వాసన, పక్క మంచం మీది గురక. చెల్లెలు వెల్లకిలా పడుకుని, తన పొట్టని పరాయి వస్తువులా చూసుకుంటోంది. మొన్న పొద్దున అందులోంచి కాలేయం సగానికి పైగా కోసి, గోడ అవతలి గదిలో ఉన్న అక్కకి అతికించారు. "ఇకమీదట నాకు కోపమొస్తే అందులో సగం నీదేనే" అని ఆపరేషనుకి ముందు అక్క నవ్వించింది కూడా. అక్క బతికి బట్టకడితేనే ఈ కోతకి అర్థం.

నొప్పి మాత్రం లేదు. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి, పంపుతో బొట్టుబొట్టుగా మత్తుమందు ఎక్కిస్తున్నారు. రొమ్ముల కింద నుంచి బొడ్డు దాకా మొద్దు. అక్కకి ఆ వైభోగం లేదు. ఆమె రక్తం సరిగా గడ్డకట్టదని వెన్ను జోలికే పోలేదు.

గంటకోసారి నర్సు మంచుముక్క తెచ్చి ఒంటికి ఆనిస్తుంది.

"చల్లగా ఉందా?"

"లేదు."

"ఇక్కడ?"

"ఆ... అక్కడుంది."

చలి తెలియనంత మేరా మందు పనిచేస్తున్నట్టు.

నర్సు అటు వెళ్లిందో లేదో, బొడ్డు పక్కన ఏదో ఆనింది.

చెయ్యి.

అరచేయి, అయిదు వేళ్లు. గడ్డకట్టినంత చల్లగా... ఒత్తలేదు, గిల్లలేదు. ఊరికే ఉంది. దుప్పటి తీసి చూస్తే కట్టు తప్ప ఏమీ లేదు.

"సిస్టర్, నా పొట్ట మీద ఎవరిదో చెయ్యుంది."

"సర్జనుగారు మర్చిపోయి వదిలేసుంటార్లే" అని నవ్వి, నర్సు సరిగ్గా అక్కడే మంచుముక్క ఆనించింది. తెలియలేదు. అయినా మందు చాలట్లేదేమోనని మత్తు డాక్టరుకి ఫోను చేసి, పంపు పెంచింది.

మొద్దు రొమ్ముల పైకి పాకింది. వెనకే చెయ్యీ.

మళ్లీ చెప్పింది. మళ్లీ పెంచారు. చెయ్యి ఒక్కో వేలూ ముందుకేసుకుంటూ పక్కటెముకలు ఎక్కి, గుండె మీద ఆగింది. గుండె... ఒక దెబ్బ తప్పింది.

అప్పుడు తట్టింది. ఆ చెయ్యి ఒళ్లు మొద్దుబారినంత మేరే నడుస్తుంది. చెప్పి చెప్పి దానికి దారి వేస్తున్నది తనే!

"పంపు... ఆపేయండి."

"పిచ్చెక్కిందా తల్లీ? ఆ నొప్పి తట్టుకోలేవు."

"నా ఒళ్లు, నా నొప్పి. మీరు ఆపుతారా, నన్నే పీకేసుకోమంటారా?"

డాక్టరునడిగి ఆపారు. గంటన్నరకి నొప్పి వచ్చింది. నిప్పులు పోసినట్టు వచ్చింది. నొప్పి అడుగుపెట్టిన చోటల్లా చెయ్యి వెనక్కి జరిగింది... జరిగింది... చివరికి బొడ్డు దగ్గర చిటికెన వేలు మిగిలి, అదీ పోయింది. పళ్లు బిగబట్టి ఏడుస్తూనే నవ్వింది చెల్లెలు.

కాసేపటికి గోడ అవతలి నుంచి నర్సు వచ్చింది, ముఖం వెలిగిపోతూ.

"నువ్వు మొండికేసి ఏడువు. అక్కడ మీ అక్కకి ఉన్నట్టుండి నొప్పే పోయిందట! ఎవరో చల్లటి చెయ్యి వేసి పట్టుకున్నట్టుందట, మందు కూడా వద్దంటోంది."

చెల్లెలు మోచేతి మీద లేవబోయింది.

"ఎక్కడ... ఆ చెయ్యి ఎక్కడుందట?"

"ఇందాక పొట్ట మీద అంది" అని నర్సు దుప్పటి సర్దింది. "నేనొచ్చేటప్పుడు మళ్లీ అడిగితే మాట పెగల్లేదు. నవ్వుతూ గొంతు చూపించింది."