ఎడమచేతి ఆకురాయి

ఆటోనగర్ తనిఖీశాలలో జాడకన్ను యంత్రం పాత కారు చుట్టూ మూడోసారి తిరిగి ఆగింది. ప్రతి భాగం పుట్టుకా తెరమీద వరసగా వచ్చింది: ఏ ఊరి ఇనుము, ఏ ఫ్యాక్టరీ, ఏ సంవత్సరం. గేరు రాడ్డు కింది ఉక్కు నాలుక దగ్గర మాత్రం ఎర్రగా రెండే మాటలు. ‘జాడ లేదు.’

“రేపు సాయంత్రం దాకా ఆగుతానమ్మా. తర్వాత బండి కరుగుశాలకే,” అన్నాడు తనిఖీదారు రఘోత్తం, కారు తెచ్చిన కమలినితో.

పుట్టుక తెలియని భాగమున్న బండి రోడ్డెక్కకూడదు. ఇప్పుడు ఏది విరిగినా జాడకన్ను అసలు నమూనా వెతికి పెడుతుంది, అచ్చుయంత్రం గంటలో కొత్తది చేసి ఇస్తుంది. బాగుచేయడమన్న మాటే వాడుకలోంచి పోయింది. ఈ నాలుక నమూనా మాత్రం ఎక్కడా మిగల్లేదు. కమలిని తండ్రి ముప్పై ఏళ్ళు అద్దెకు తోలిన కారు అది. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్నదీ అందులోనే.

కమలిని ఆ ముక్కను కిటికీ వెలుగుకు పట్టి చూసింది. ఆకురాయితో రుద్దిన సన్నని గీతలు.

“ఇవి ఇటు వాలాయేమిటండీ?”

“వాటిని యంత్రం లోపం కింద రాసిందమ్మా.”

“మా ఆడపడుచుది ఎడమచేతి వాటం. ఆవిడ తరిగిన బెండకాయ ముక్కలూ ఇలాగే ఎదురు వాలు ఉంటాయి. ఇలాంటి గీతలున్న ముక్కలు ఇంకెన్నున్నాయో అడగండి.”

అలా అడగవచ్చని రఘోత్తానికి అంతవరకూ తోచలేదు. అడిగాడు. ఊరు మొత్తం మీద రెండువందల పదమూడు. వాటిలో పాత కాగితాలున్న బళ్ళన్నిటిలోనూ ఒకటే షెడ్డు పేరు, సైదులు వర్క్స్.

సైదులు పోయి చాలా ఏళ్ళయింది. కమలిని వెళ్ళేసరికి అతని ఇంటి అరుగు మీద అక్క మస్తానమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

“మామ్మగారూ, సైదులు గారిది ఎడమచేతి వాటమా?”

“ఆడికా? కుడిచేత్తోనే తిన్నగా అన్నం కలుపుకోలేడు!” అంటూ ముసలామె ముక్కను అందుకుని, అంచు మీద బొటనవేలు నడిపింది. “ఇదెక్కడిదే తల్లీ? నేను రుద్దిందిగా!”

కమలిని పక్కనే కూర్చుంది.

“ఎడంచేత్తో చేసింది బండికి అచ్చిరాదనేవోళ్ళమ్మా. అందుకని నేను ఎనక రేకుల గదిలో రుద్దేదాన్ని. ఆడు ముందు నిలబడి కుడిచేత్తో ఇచ్చేవోడు.”

మర్నాడు తనిఖీశాలలో మస్తానమ్మ ఒక ఇనప ముక్కను నాలుగు నిమిషాలు రుద్దింది. జాడకన్ను ఆ గీతలను నాలుక మీది గీతలతో పోల్చి చూసింది. ఎర్ర మాటలు చెరిగిపోయాయి. మనిషి పేరు రాసే గడి ఆ యంత్రంలో లేదు. రఘోత్తం ఫ్యాక్టరీ పేరుండే చోటే ‘మస్తానమ్మ’ అని రాశాడు. కారు బతికింది.

అలాంటి గీతలున్న తక్కిన బళ్ళూ కరుగుశాల వరసలోనే ఉన్నాయి. మస్తానమ్మ తెరమీద ఒక్కొక్క ముక్క బొమ్మే చూసింది. “ఇది పాలవ్యానుది. ఇది పెళ్ళిబస్సుది, పెళ్ళికొడుకు బాసికంతో మా షెడ్డులోనే కునుకు తీశాడు.” కబురంది వచ్చిన బళ్ళవాళ్ళు గుమ్మంలో నవ్వారు.

నూట అరవయ్యో దాని దగ్గర ఆగింది.

“ఇది నాది కాదు.”

“మీదేనంటోందమ్మా. గీతలు అటే వాలాయి.”

“వాలతాయి. నా చెయ్యి తెగినప్పుడు, నేను రుద్దినట్టే ఉండాలని ఆడు ఎడంచేత్తో కూసుని రుద్దాడు. ఎంత మొరటుగా ఉందో చూడు, ఎదవ!” ఆ బొమ్మను వదలకుండా చూస్తూ అంది, “దీనికి సైదులని రాయి బాబూ.”