పక్క బెడ్డు ఆమె

అన్నాలయ్యాక అనుపమ గడపలో నిలబడి చెప్పిందే మళ్లీ చెప్పింది.

"పాలు చల్లార్చి పెట్టిన అత్తమ్మా. పొయ్యి ముట్టియ్యకు. జర ఏమన్న అనిపిస్తే ఫోన్ చెయ్యి."

"నేను పిల్లల్ని పెంచినదాన్నే బిడ్డా. నువ్వు పో," అంది సత్తెమ్మ.

అంది గాని, లోపల పీకుతూనే ఉంది. కోడలికి ఆరాంఘర్‌లో బట్టల దుకాణంలో పని. అత్త పిల్లను చూసుకుంటేనే ఆ పని నిలుస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. దవాఖాన నుంచి వచ్చాక మనవరాలిని ఒంటరిగా ఆమె చేతికి ఇవ్వడం ఇదే మొదలు. ఇవాళ తేడా వస్తే ఇక జన్మలో ఇవ్వరు.

చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారే, ఆమె పని అలాగే అయింది. నెమ్ము ముదిరి, రక్తానికి విషం ఎక్కి, చాలా రోజులు శ్వాస మిషను మీద బతికింది. ఒళ్లు కోలుకుంది, బుర్ర కోలుకోలేదు. కూరలో ఉప్పు వేసి మళ్లీ వేస్తుంది. పక్కింటామె పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది.

"అంత జబ్బు చేస్తే మెదడు కూడా వాస్తుందమ్మా. జ్ఞాపకాలు దాచుకునే చోటు కాస్త కుంచించుకుపోయింది. మత్తులో చూసినవి నిజంగా జరిగినట్టే మిగిలిపోతాయి. ఇది పిచ్చి కాదు. ఏదైనా కనబడితే పలకరించకండి, అదే పోతుంది."

కనబడేది పక్క బెడ్డు ఆమె. ఐసీయూలో సత్తెమ్మకు తోడు ఆమే. "నీ మనవరాలు ఎట్లుంటదక్కా?" అని గుసగుసగా అడిగేది. దవాఖాన నుంచి కదిలేటప్పుడు "పోయొస్త" అనకూడదని, ఎవరినీ రమ్మనకూడదని వాళ్లలో అందరికీ తెలుసు. సత్తెమ్మకూ తెలుసు. కానీ మనిషి కనబడితే ఇంటికి పిలవకుండా ఉండలేదు, అది పుట్టుబుద్ధి. స్ట్రెచర్ కదులుతుంటే అలవాటుకొద్దీ అనేసింది.

"పోయొస్త చెల్లె. శంషాబాద్ దిక్కొస్తే మా ఇంటికి రా. బిడ్డను ఎత్తుకుందువు."

నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అన్నారా? ఆ పక్కన బెడ్డే లేదు, గోడే ఉంది అని నర్సు తర్వాత చెప్పింది.

కోడలు వెళ్లిన కాసేపటికి హిమాయత్ సాగర్ వైపు నుంచి ముసురు పట్టింది. కరెంటు పోయింది. పట్టపగలే గదిలో మసక కమ్మింది. సత్తెమ్మ తలుపు గడియ పెట్టి, పిల్లను ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుంది. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆ చప్పుడు దూరమైంది. దాని వెనకాల ఇంకో చప్పుడు మిగిలింది.

టిక్... టిక్... టిక్.

మిషను చప్పుడు. వెంటనే స్పిరిట్ వాసన. ఆమె ఎదురుగా ఉన్న మంచం వైపు చూడకూడదనుకుంది. చూసింది.

మంచం మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

"పిలిస్తివి గదక్కా... వచ్చిన."

సత్తెమ్మ చెయ్యి ఫోన్ మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఫోన్ చేస్తే అనుపమ పరుగున వస్తుంది. వచ్చి పిల్లను తీసుకుంటుంది. అంతే, అయిపోయింది. సత్తెమ్మకు ఏడుపొచ్చింది. ఫోన్ బోర్లా పెట్టేసింది.

"జర... నా ఒళ్లెకియ్యి."

పలకరించకూడదు. ఇది మెదడు వాపు. ఉత్తదే... ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు లేదు. మోకాలికి ఏదో చల్లగా తగిలింది.

ఒళ్లో బరువు తగ్గింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా కళ్లు తెరవలేదు. డాక్టరమ్మ చెప్పింది... కనబడితే... పలకరించకపోతే... ఎవరో సన్నగా జోల పాడుతున్నారు. ఆ పాట ఎంతసేపు సాగిందో తెలియదు.

తర్వాత ఒళ్లో బరువు మళ్లీ చేరింది.

కళ్లు తెరిచింది. పిల్ల నిద్రపోతోంది. మంచం ఖాళీ. తలుపు గడియ పెట్టినట్టే ఉంది. సత్తెమ్మ ఏడుస్తూనే నవ్వింది. తన బుర్రను తాను గెలిచినందుకు ఎంత సంబరపడిందో చెప్పలేం.

దీపాలు పెట్టేవేళకు అనుపమ తడుస్తూ వచ్చింది.

"ఏం పరేషాన్ కాలే గద అత్తమ్మా?"

"ఏం కాలే. మంచిగ పండుకుంది."

కోడలి మొహం విప్పారింది. "అయితే రేపటిసంది రోజూ వస్తనని దుకాణంల చెప్త," అంటూ పిల్లను ఎత్తుకుని, చెమట పట్టిందని పొడుగు చేతుల గౌను విప్పబోయింది. చెయ్యి బయటికి రాగానే ఆగిపోయింది.

"గీ పట్టీ ఏంది అత్తమ్మా? మనింట్ల గిసొంటిది లేదు గద?"

పిల్ల ముంజేతి మీద తెల్లటి టేపు, దాని కింద చిన్న దూది ఉండ. సెలైన్ సూది తీశాక వేసే పట్టీ.

"ఎవరన్న వచ్చిన్రా?" అనుపమ గొంతు తగ్గింది.

సత్తెమ్మ నోరు తెరిచింది. వచ్చారంటే మనవరాలు చేజారిపోతుంది. రాలేదంటే... ఆ పట్టీ తనే వేసినట్టు.

దూది మీద ఎర్ర చుక్క మెల్లగా పెద్దదవుతోంది.