ఉమ్మితో తుడిచిన పెదవి

మా ఊరి ఆసుపత్రి నేలమాళిగలో ఒక గది నిండా మైనపు పుండ్లు ఉన్నాయి.

మొహం చిట్లించకండి, చెప్తాను. రంగుల ఫొటోలు లేని రోజుల్లో చర్మరోగాలను విద్యార్థులకు చూపించాలంటే ఒకటే దారి. రోగి పుండు మీదే తడి సుద్దముద్ద వేసి అచ్చు తీసేవాళ్లు. అందులో తేనెమైనం, గుగ్గిలం కలిపి కరిగించి పోసేవాళ్లు. గట్టిపడ్డాక రంగులద్ది, నల్లచెక్కకు బిగించి, చుట్టూ తెల్ల నారగుడ్డ కుచ్చిళ్లు పెట్టేవాళ్లు. ఒక చెక్క మీద మడమ, ఇంకోదాని మీద చెవి, మరోదాని మీద పసివాడి వీపు. అచ్చం నిజంలా ఉండాలని ఇంకో పని కూడా చేసేవాళ్లు. రోగి పుండు మీది పక్కు గిల్లి మైనానికి అతికించేవాళ్లు. అంటే బొమ్మ మైనమే కానీ పక్కు మాత్రం మనిషిది. ఇది గుర్తుపెట్టుకోండి.

ముప్పై ఏళ్లు నర్సులకు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, మంగళవారాలు ఆ గదికి వెళ్లి వాటిని శుభ్రం చేస్తున్నాను. దేంతో అంటారా? ఉమ్మితో. నీళ్లకు వదలని మసి ఉమ్మికి వదులుతుంది. నోట్లో అన్నాన్ని కరిగించే రసమే జిడ్డునూ కరిగిస్తుంది, రంగుకు మాత్రం హాని చెయ్యదు. పుల్లకు ఒక కొసన దూది చుట్టాలి. రెండో కొస పట్టుకోవడానికి. దూది నాలుక మీద తడిపి, మైనం మీద మెల్లగా దొర్లించి, పళ్లెంలో పడెయ్యాలి. మైనాన్ని తాకిన దూది మళ్లీ నోట్లోకి వెళ్లకూడదు. ఉన్న నియమం ఇదొక్కటే.

నవంబరులో నా మనవరాలు ఇంగున్ నాతో రావడం మొదలుపెట్టింది. చర్మవైద్యంలో చేరింది. ఆ పాత పక్కుల్లో ఒకప్పటి రోగక్రిములు ఏమైనా మిగిలాయేమో వెతకడం దాని పరిశోధన. సాయంత్రాలు మా ఊరి బ్యాండులో కార్నెట్ ఊదుతుంది. అది బూర లాంటి ఇత్తడి వాద్యం. ఊపిరి ఎంత ఉన్నా, రాగం పలికించేది పెదవే. ఆ ఏడు క్రిస్మసుకు ముందు చౌకులో దీపాలు వెలిగించే రోజున మొదటిసారి ఒంటరిగా వాయించే వంతు దానిది.

ఆ మంగళవారం మేం తీసింది ఒక అమ్మాయి ముఖంలో కింది సగం. ముక్కు కిందనుంచి గడ్డం దాకా, అంతే. పై భాగమంతా గుడ్డ కప్పేసింది. కింది పెదవి ఎడమపక్క పగిలి, గోధుమరంగు పక్కు కట్టిన పుండు. గడ్డం మీద సన్నటి నూగు. వెంట్రుకలు నిజమైనవే, ఒక్కొక్కటీ సూదితో గుచ్చినవి.

"అమ్మమ్మా, నీ నోరెండిపోయినట్టుంది. నా ఉమ్మి అప్పివ్వనా?"

"నువ్వు నోరు మూసుకుని పని చూడు."

"నోరు మూసుకుంటే ఈ పనెలా అవుతుంది, అమ్మమ్మా!"

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు దాని ఫోను మోగింది. బ్యాండు మాస్టరు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "వస్తున్నా సార్, ఐదింటికల్లా అక్కడుంటా" అంటూ, చేతిలో ఉన్న పుల్లను నోట్లో పెట్టుకుంది.

వాడిన పుల్ల.

ఫోను కిందపడింది.

"ఏమైందే?"

"వెచ్చగా ఉంది…" గుసగుసగా అంది. "ఉప్పగా… అమ్మమ్మా, ఇది మసి కాదు…"

గది మూలనున్న చేతులు కడిగే తొట్టి దగ్గరికి పరుగెత్తి ఉమ్మింది. పసుపుపచ్చటి తీగ ఒకటి దాని పెదవి నుంచి తొట్టి దాకా సాగి, తెగకుండా వేలాడింది. ఆ వాసన నాకు తెలుసు. రోజుల తరబడి మార్చని కట్టు విప్పినప్పుడు వచ్చే తియ్యటి కుళ్లు వాసన. వెనక్కి తిరిగి చూశాను. మైనపు పెదవి మీది పక్కు అంచు తడిగా మెరుస్తోంది. కొత్త దూది ఆనించి తీశాను. పసుపు అంటుకుంది.

వారం తిరక్కుండానే ఇంగున్ కింది పెదవి మీద, ఎడమపక్కనే, పుండు లేచింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసే నాకు భయం వేసింది. కార్నెట్ పెదవికి ఆనిస్తే ఒట్టి గాలి పోయింది.

"ఇది నా పెదవి కాదనిపిస్తోంది, అమ్మమ్మా," అంది.

పెద్ద డాక్టరు ట్రుల్స్ దాని పెదవి నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాడు. పరిశోధన కోసం మైనపు పెదవి నుంచి తీసిన పక్కు ముక్క కూడా అదే రోజు వెళ్లింది. రెండు సీసాలు.

ఫలితాలు వచ్చిన రోజు ట్రుల్స్ ఏలకుల బన్ను నములుతూ వచ్చాడు.

"టీచరుగారూ, మీ మనవరాలు కొంప ముంచింది! సీసాలు తారుమారు చేసింది. ఈ పిల్ల పెదవి తేనెమైనం, గుగ్గిలం, కాస్త ఎర్రరంగు అట! ఆ బొమ్మ పక్కేమో ప్రాణమున్న మాంసం అట. వయసులో ఉన్న ఆడపిల్లదట, ఇంకా పెరుగుతోందట! దీన్ని కేసుగా రాసి పత్రికకు పంపితే నా ఉద్యోగం ఊడుతుంది!"

"సీసాల మీద పేర్లు రాసింది నేను," అన్నాను. "సీసాలో ముక్క పడకముందే రాశాను. మీ నర్సులందరికీ నేర్పింది కూడా అదే."

ట్రుల్స్ నమలడం ఆపేశాడు. బన్ను బల్ల మీద పెట్టి, "మళ్లీ పంపిద్దాం," అన్నాడు మెల్లగా.

"ఈలోపు?"

పక్కన కూర్చున్న ఇంగున్ అప్పుడే కాఫీ గుటకేసింది. వేడి కాఫీ. కప్పు దించాక దాని కింది పెదవి పైకి రాలేదు. జారి, గడ్డం మీదికి వాలింది. చేత్తో ఎత్తి సరిచేసుకుంది. చెయ్యి తీశాక పెదవి మీద దాని బొటనవేలి ముద్ర… గీతలతో సహా… అలాగే ఉండిపోయింది.

ట్రుల్స్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. నేను తాళంచెవి తీసుకుని నేలమాళిగలోకి దిగాను.

మా ఉత్తరపు చలిదేశంలో డిసెంబరు కదా, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. గదిలో దీపం వేశాను. బొమ్మ పుండు దాదాపు మానిపోయింది. పక్కు ఊడి, కింద కొత్త చర్మం లేతగా ఉంది. గడ్డం మీది నూగులో చెమట. నారగుడ్డ తడిసి చర్మానికి అతుక్కుంది. దగ్గరికి వంగాను. ఊపిరి… పళ్లు తోమని నోటి ఊపిరి.

"నా పిల్ల పెదవి వద్దు," అన్నాను మెల్లగా. "నాది తీసుకో."

దూది తడిపాను. మానుతున్న పుండు మీద దొర్లించాను. వెచ్చగా, మెత్తగా లోపలికి దిగింది. పచ్చగా తడిసింది. నా నియమం నేనే తప్పాను. నోట్లో పెట్టుకున్నాను.

కక్కు వచ్చింది. మింగాను.

మళ్లీ తుడిచాను… మళ్లీ నోట్లో… ఉప్పు. కుళ్లిన తీపి. ఏదో వెంట్రుక నాలుకకు చుట్టుకుంది. దాన్నీ మింగాను. మళ్లీ… పెదవి చల్లబడేదాకా. గట్టిపడేదాకా. అది మళ్లీ ఒట్టి మైనం అయ్యేదాకా.

దీపాల రోజున చౌకులో మంచు పడుతుంటే ఇంగున్ కార్నెట్ ఊదింది. ఒక్క స్వరం తడబడలేదు. పెదవి గులాబీ రంగులో ఉంది, మచ్చ కూడా లేదు. "ఏడుస్తున్నావా, అమ్మమ్మా?" అని ఎగతాళి చేసింది. ముద్దు పెట్టబోతే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఇప్పుడు కాఫీ బాగా చల్లారాకే తాగుతున్నాను. కొవ్వొత్తుల దగ్గర కూర్చోను. ట్రుల్స్ నన్ను చూసినప్పుడల్లా ఏదో అడగబోయి ఊరుకుంటాడు. వయసైపోయింది నాకు, పోతే పోనీ. ఇంగున్ పెదవి మాత్రం దానికే మిగిలింది. అంతవరకు లెక్క సరిపోయింది అనుకున్నాను.

ఆ గదికి తాళం వేశాను. తాళంచెవి నా మెడలోనే ఉంది, ఇంకెవరి దగ్గరా లేదు. మొన్న మంగళవారం తలుపు తీస్తే పళ్లెంలో ఒక పుల్ల ఉంది. దూది తడిగా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా కూడా.

ముందే చెప్పాను కదా, నేను దూది ఒక కొసకే చుడతాను. ఒక పుల్ల, ఒక నోరు.

ఆ పుల్లకు రెండు కొసలకూ ఉంది.